పేద దేశాల్లో మానసిక ఆరోగ్యం, వ్యసనాల చికిత్స: ఏ పరిశోధన ముందు? 140 ప్రశ్నల వడపోత ఎలా?

(ఇది ఒక ఆన్‌లైన్ చర్చ. ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

కొత్తజాబితా:

తక్కువ ఆదాయ, దిగువ మధ్య ఆదాయ దేశాల్లో మానసిక ఆరోగ్యం, వ్యసనాల మీద వచ్చే పదేళ్లలో ఏ పరిశోధనకు ముందు డబ్బు పెట్టాలో ఒక జాబితా తయారవుతోంది. నిపుణుల నుంచి 140 ప్రశ్నలు వచ్చాయి. వీటిని 40కి కుదించి, ఒక 50 మందితో మార్కులు వేయించాలి. సీహెచ్‌ఎన్‌ఆర్‌ఐ పద్ధతి (నిపుణులు వేసిన మార్కులతో పరిశోధన ప్రశ్నలకు వరుస కట్టే పద్ధతి) వాడదామనుకుంటున్నాం. వచ్చిన ప్రశ్నల్లో మచ్చుకి కొన్ని, ఉన్నవి ఉన్నట్టే పెడుతున్నాను:

1. డాక్టర్లు కానివాళ్లు ఇచ్చే కౌన్సెలింగ్ డిప్రెషన్‌కి పనిచేస్తుందా?
2. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే ప్రతి ఒక్కరినీ డిప్రెషన్ కోసం స్క్రీన్ చేయాలా?
3. తాగుడు మాన్పించడానికి ఏ పద్ధతి మంచిది?
4. ఓపియాయిడ్ వ్యసనానికి డీటాక్స్ ఎన్ని రోజులు ఉండాలి?
5. ఆత్మహత్యలు తగ్గించడం ఎలా?
6. డిప్రెషన్‌కు జన్యుపరమైన కారణాలేమిటి?

సందేహాలు మూడు. ఈ ప్రశ్నలను ఇలాగే మార్కులకు పంపొచ్చా? ముందు నమూనాగా వేయించి చూస్తే వ్యసనాల ప్రశ్నలన్నీ అట్టడుక్కి పోయాయి. నిజంగానే నిపుణుల దృష్టిలో వాటికి అంత తక్కువ విలువా, లేక లెక్కలో ఎక్కడైనా తేడా ఉందా? ఇక, పేషెంట్లను ఈ ప్రక్రియలో ఎక్కడ కూర్చోబెట్టాలి?

సగటులెక్క:

రెండో సందేహంతో మొదలుపెడదాం. మీ షీటు చూడకుండానే అడుగుతున్నాను: ఖాళీ వదిలిన జవాబుల్ని ఎలా లెక్కేశారు?

ఈ పద్ధతిలో ప్రతి ప్రశ్ననూ ఐదు కొలమానాల మీద తూస్తారు. పరిశోధన చేస్తే జవాబు దొరుకుతుందా, దొరికిన జవాబుతో వచ్చే చికిత్స పనిచేస్తుందా, దాన్ని జనానికి అందించగలమా, జబ్బు భారం ఎంత తగ్గుతుంది, ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య తేడా తగ్గుతుందా. ఒక్కో కొలమానానికి నాలుగే జవాబులు: అవును అంటే 1, కాదు అంటే 0, తేల్చలేను అంటే 0.5, ఈ విషయం నాకు తెలియదు అంటే ఖాళీ. 0.5కీ ఖాళీకీ చాలా తేడా ఉంది. మొదటిది విషయం తెలిసీ అటా ఇటా అని ఊగడం. రెండోది ఇది నా సబ్జెక్టు కాదని తప్పుకోవడం. ఖాళీని లెక్కలోంచి పూర్తిగా తీసేయాలి, సున్నా వేయకూడదు.

వ్యసనాల ప్రశ్నలు అట్టడుక్కి పోయేది చాలాసార్లు ఇక్కడే. 50 మందిలో డిప్రెషన్ మీద పనిచేసినవాళ్లు ఎక్కువ, మెథడోన్ (ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే మందు) ఇచ్చినవాళ్లు తక్కువ. డిప్రెషన్ ప్రశ్నకు 30 మంది అవును, 5 కాదు, 10 తేల్చలేం, 5 ఖాళీ అనుకోండి. సరైన లెక్క: 30 + 5 = 35, దాన్ని 45తో భాగిస్తే 0.78. ఖాళీని సున్నా చేస్తే 35/50, అంటే 0.70. పెద్ద నష్టమేం లేదు. ఇప్పుడు వ్యసనం ప్రశ్న: 18 అవును, 2 కాదు, 4 తేల్చలేం, 26 ఖాళీ. సరైన లెక్క 20/24, అంటే 0.83. డిప్రెషన్ ప్రశ్నను దాటిపోయింది. ఖాళీలను సున్నా చేస్తే 20/50, అంటే 0.40. ఒకే షీటు, ఒకే నిపుణులు. ఒక గడి తేడాతో జాబితా తలకిందులైంది.

అలాగని 0.83ని కళ్లు మూసుకుని నమ్మమనడం లేదు. ఆ 24 మందీ వ్యసనాల చికిత్సే వృత్తిగా ఉన్నవాళ్లే అయితే తమ సబ్జెక్టుకు అవును కొట్టే మొగ్గు ఉంటుంది. అందుకే ప్రతి స్కోరు పక్కన ఎంతమంది జవాబిచ్చారో, వారిలో ఎక్కువమంది ఒకే మాట అన్నారా లేదా అన్నది కూడా అచ్చువేయాలి. ఎవరైనా తాను పంపిన ప్రశ్నకు తానే మార్కు వేస్తే ఆ మార్కు తీసేసి ఇంకోసారి లెక్కగట్టి చూడండి. నిపుణుల్ని పిలిచేటప్పుడే వ్యసన చికిత్స తెలిసినవాళ్లు కనీసం మూడోవంతు ఉండేలా చూసుకుంటే ఈ తలనొప్పి సగం తగ్గుతుంది.

50 మంది సరిపోతారు. సుమారు 45 నుంచి 55 మంది దాటాక వరుస క్రమం పెద్దగా మారదని ఈ పద్ధతి మీద చేసిన పరీక్షల్లో తేలింది. అసలు బెడద అలసట. 140 ప్రశ్నలు, ఐదు కొలమానాలు అంటే 700 జవాబులు, ఎవరూ బుద్ధిపెట్టి చేయరు. 40కి తెస్తే 200. అప్పుడు కూడా ప్రశ్నల వరుసను ఒక్కొక్కరికి ఒక్కోలా కలిపి పంపండి. లేదంటే చివరి పది ప్రశ్నలకు వచ్చేది అభిప్రాయం కాదు, విసుగు.

ఇక మొదటి సందేహం. పంపకూడదు. మీ 3వ ప్రశ్న, 5వ ప్రశ్న గొడుగు ప్రశ్నలు. ఆత్మహత్యలు తగ్గించడం ఎలా అంటే వద్దనేవాడెవడు? అందరూ 1 వేస్తారు, జాబితాలో పైన కూర్చుంటుంది, డబ్బిచ్చేవాళ్లకు దాన్ని ఏం చేయాలో పాలుపోదు. నిర్దిష్టంగా రాసిన మంచి ప్రశ్న దాని కింద నలిగిపోతుంది. ప్రతి ప్రశ్నలో ఎవరికి, ఏమిటి, దేనితో పోల్చి, ఏ ఫలితం, ఎన్ని నెలలకు అనే ఐదూ ఉండాలి. 3వ ప్రశ్నను ఇలా మార్చొచ్చు: "ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చి, తాగుడు తీవ్రతను కొలిచే ఆడిట్ ప్రశ్నావళిలో 12 నుంచి 19 మార్కులున్న మగవాళ్లకు నాలుగు విడతల కౌన్సెలింగ్ తర్వాత మూడు నెలలు ఫోన్ ఫాలోఅప్ ఇస్తే, కౌన్సెలింగ్ మాత్రమే ఇచ్చినవాళ్లతో పోలిస్తే 12 నెలల దగ్గర తాగుడు మానేసినవాళ్ల శాతం పెరుగుతుందా?" చదవడానికి బరువుగానే ఉంటుంది. కానీ దీనికి 0 వేయడానికీ 1 వేయడానికీ కారణం దొరుకుతుంది.

మూడోడోసు:

వ్యసనాల వైపు నుంచి. 4వ ప్రశ్నను దిద్దడం కాదు, తీసేయండి. డీటాక్స్ (మత్తు మాన్పించి ఒంట్లోంచి దిగేదాకా చూసుకోవడం) ఐదు రోజులా పదిహేను రోజులా అన్నది ఓపియాయిడ్ల (హెరాయిన్ లాంటి నల్లమందు రకం మత్తుమందుల) విషయంలో ప్రాణాలు నిలిపే ప్రశ్న కాదు. డీటాక్స్ చేసి అంతటితో ఇంటికి పంపేస్తే ఎక్కువమంది మళ్లీ మొదలుపెడతారు. ఈలోపు ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది, పాత మోతాదే తీసుకుంటారు, ఊపిరి ఆగిపోతుంది. చికిత్స ఆపేసిన తర్వాతి మొదటి కొన్ని వారాలు, మెథడోన్ మొదలుపెట్టిన మొదటి నాలుగు వారాలు, చావు ప్రమాదం ఎక్కువగా ఉండేది ఈ రెండు చోట్లే. పరిశోధన డబ్బు వెళ్లాల్సింది కూడా అక్కడికే.

మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. పనిచేస్తాయా అన్న ప్రశ్న ముగిసిపోయింది. ఎలా ఇవ్వాలో కూడా ఆ సంస్థ 2009 మార్గదర్శకాల్లో ఉంది: మెథడోన్ మొదటి రోజు మామూలుగా 20 మిల్లీగ్రాములు మించొద్దు, నిలకడ డోసు 60 నుంచి 120, బ్యూప్రెనార్ఫిన్ అయితే రోజుకు కనీసం 8. మిగిలినవన్నీ అందించడానికి సంబంధించినవి:

- రోజూ సెంటర్‌కి వచ్చి ఎదురుగా మింగడమా, వారానికి సరిపడా ఇంటికివ్వడమా? 12 నెలల దగ్గర చికిత్సలో ఎంతమంది మిగిలారు, ఎంత మందు బయట అమ్ముడుపోయింది, ఇంట్లో పిల్లలు మింగిన కేసులెన్ని? మూడూ ఒకే ట్రయల్‌లో కొలవాలి. మొదటిది ఒక్కటే కొలిస్తే ఇంటికివ్వడమే గెలుస్తుంది. రెండోది ఒక్కటే కొలిస్తే ఏ ప్రభుత్వమూ ఒప్పుకోదు.
- డోసు. చాలా చోట్ల భయంతో 30, 40 దగ్గరే ఆపేస్తారు. ఆ మోతాదుతో ఒళ్లునొప్పులు తగ్గవు, మనిషి మానేస్తాడు, "మందు పనిచేయలేదు" అని రికార్డులో రాస్తారు. డాక్టర్ చేత డోసు పెంచించడానికి ఏది పనిచేస్తుందన్నది నిజమైన పరిశోధన ప్రశ్న.
- స్టాక్ తెగిపోవడం. నాలుగు రోజులు మందు లేకపోతే ఐదో రోజు పాత డోసు నేరుగా ఇవ్వలేం, తగ్గించి మళ్లీ పెంచుకుంటూ రావాలి. ఏడాదిలో ఎన్ని రోజులు స్టాక్ లేదు, ఆ రోజుల తర్వాత ఎంతమంది తిరిగి రాలేదు? ఇది సెంటర్ రిజిస్టర్లతోనే, పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగిన అధ్యయనం. ఎందుకో దీన్ని ఎవరూ పరిశోధన అనుకోరు.

ఒక మాట: ఓపియాయిడ్ అంటే హెరాయిన్ ఒక్కటే అనుకుని ప్రశ్నలు రాయకండి. పశ్చిమ ఆఫ్రికాలో పెద్ద బెడద ట్రమడాల్ (నొప్పి తగ్గించే ఓపియాయిడ్) మాత్రలది. మందుల షాపులో దొరికే మాత్రకు అలవాటుపడినవాళ్లకు ఏ డోసుతో, ఎంతకాలం చికిత్స ఇవ్వాలన్నదాని మీద ఆధారాలు చాలా పల్చగా ఉన్నాయి.

మద్యం దగ్గరికొస్తే ముందు కొలతే చిక్కు. ఆడిట్‌లో పది ప్రశ్నలు, 0 నుంచి 40 మార్కులు. 8 నుంచి ప్రమాదకరం, 16 నుంచి హాని జరుగుతున్నట్టు, 20 నుంచి బానిసైన అవకాశం ఎక్కువ. అందులో "మామూలుగా ఒక రోజు ఎన్ని డ్రింకులు" అనే ప్రశ్న ఉంటుంది. డ్రింకు అంటే 10 గ్రాముల శుద్ధ ఆల్కహాల్. సీసా మీద శాతం రాసుంటే లెక్క తేలిక: 200 మిల్లీలీటర్లు, 40 శాతం, సాంద్రత 0.789, మొత్తం 63 గ్రాములు, ఆరు డ్రింకుల పైమాటే. ఇంట్లో కాచిన సారాకు శాతం ఎవరు రాస్తారు? అది 20 అయితే అదే గ్లాసులో 32 గ్రాములు, 45 అయితే 71. ఒకే మనిషి, ఒకే జవాబు, రెట్టింపు కన్నా ఎక్కువ తేడా. ప్రపంచంలో తాగే మద్యంలో సుమారు నాలుగోవంతు ఇలా లెక్కకు రానిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నివేదిక అంచనా. కాబట్టి ఏ ట్రయల్ అయినా ముందుగా ఆ ప్రాంతపు నాటు సరుకు నమూనాలు పరీక్షించి, వాడే పాత్రల పరిమాణం కొలిచి, బొమ్మల కార్డు తయారుచేసుకోవాలి. రెండు మూడు వారాల పని. దీన్ని ఎగ్గొట్టిన అధ్యయనంలో గ్రాముల లెక్కకు అర్థం లేదు.

ఏ ఫలితాన్ని ఎంచుకున్నారన్నది కూడా జవాబును మార్చేస్తుంది. గోవాలో చేసిన క్యాప్ ట్రయల్ (2017) చూడండి. శిక్షణ పొందిన మామూలు కౌన్సెలర్లు నాలుగు విడతల లోపు మాట్లాడితే, మూడు నెలలకు ఆడిట్ 8 కంటే తగ్గినవాళ్లు 36 శాతం, కౌన్సెలింగ్ లేని వర్గంలో 26 శాతం. గత 14 రోజుల్లో అసలు ముట్టనివాళ్లు 42 శాతం, అటువైపు 18. కానీ ఇంకా తాగుతున్నవాళ్లు రోజుకు తాగే గ్రాములు మాత్రం తగ్గలేదు. గ్రాములు ఒక్కటే ప్రధాన ఫలితంగా పెట్టుకుని ఉంటే ఇది విఫలమైన ట్రయల్‌గా మిగిలేది.

ఇంకొకటి. ఆడిట్‌లో 20, ఆపైన ఉన్నవాళ్లను చాలా ట్రయల్స్ బయటే ఉంచేస్తాయి. కారణం తెలిసిందే, ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 48 గంటల్లో మూర్ఛ రావొచ్చు, 48 నుంచి 96 గంటల మధ్య సన్నిపాతం (ఒళ్లు వణుకుతూ మతి తప్పడం) రావొచ్చు. దాంతో బాగా జబ్బుపడినవాళ్లకే ఆధారాలు తక్కువ. ఇంతకుముందు మూర్ఛ గానీ సన్నిపాతం గానీ రానివాళ్లకు, ఇంట్లో తోడు ఉన్నవాళ్లకు, నర్సు రోజూ చూస్తూ డయజిపామ్ (మూర్ఛ రాకుండా ఇచ్చే మందు) తగ్గించుకుంటూ, థయమిన్ (విటమిన్ బి1) ఇస్తూ ఇంటిదగ్గరే మాన్పించడం ఎంత సురక్షితం? జిల్లా ఆసుపత్రి దూరమైన చోట ఈ ప్రశ్నకు పైవరుసలో చోటివ్వాలి. తాగుడు మాన్పించడానికి వాడే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ కూడా 2023లో అత్యావశ్యక మందుల జాబితాలో చేరాయి. మొదటిది రోజుకు ఒక మాత్ర, రెండోది ఆరు. లివర్ పరీక్ష చేసే వీల్లేని కేంద్రంలో ఏది నడుస్తుందో ఎవరైనా పోల్చి చూడాలి.

పల్లెబాట:

1వ ప్రశ్నకు జవాబు వచ్చేసింది, మళ్లీ దానికి డబ్బు తగలేయొద్దు. పాకిస్తాన్‌లో 2008లో లేడీ హెల్త్ వర్కర్లు ఇంటికెళ్లి మాట్లాడితే, బిడ్డకు ఆరో నెల వచ్చేసరికి డిప్రెషన్‌లో మిగిలిన తల్లులు 23 శాతం, మామూలు సందర్శనల వర్గంలో 53. గోవాలో 2017లో ఆరు నుంచి ఎనిమిది విడతలకు 64 శాతం కోలుకున్నారు, అటు 39. జింబాబ్వే రాజధాని హరారేలో 2016లో క్లినిక్ బయట బల్ల మీద కూర్చుని మాట్లాడే పెద్దావిడలతోనూ మంచి ఫలితమే వచ్చింది. పనిచేస్తుందా అనే దశ దాటిపోయాం.

తేలనిది వేరే. ట్రయల్ నడిచినన్నాళ్లూ కౌన్సెలర్లకు వారం వారం సూపర్‌విజన్ ఉంటుంది, రికార్డు చేసిన సెషన్ వింటారు, మార్కులేస్తారు. ప్రాజెక్టు అయిపోగానే మొదట ఊడేది అదే. కౌన్సెలర్ సలహాలివ్వడం మొదలుపెడతాడు, ఆరు సెషన్లు రెండవుతాయి, ఇంటిపని ఇవ్వడం మానేస్తాడు. తక్కువ ఆదాయ దేశాల్లో మానసిక ఆరోగ్య సిబ్బంది మొత్తం కలిపినా లక్ష జనాభాకు ఇద్దరు కూడా లేరని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మానసిక ఆరోగ్య అట్లాస్ చెబుతోంది. అలాంటప్పుడు సూపర్‌విజన్ ఎవరు చేస్తారు? గోవాలో కౌన్సెలర్లే ఒకరి సెషన్ ఒకరు విని మార్కులు వేసుకున్నారు. ఇది నిపుణుడు లేకుండా ఎన్నాళ్లు నిలుస్తుంది, నెలకోసారి చేస్తే సరిపోతుందా, 12 నెలల తర్వాత నైపుణ్యం ఎంత మిగిలింది? కౌన్సెలర్ నైపుణ్యానికి మార్కులేసే ఎనాక్ట్ లాంటి కొలమానంతో, పాత్రధారణ చేయించి దీన్ని కొలవొచ్చు. పేషెంటుకు హాని చేసే మాటల్ని అందులో విడిగా గుర్తిస్తారు, అది చాలా అవసరం.

రెండోది, జనం రాకపోవడం. ఐదు దేశాల్లో నడిచిన ప్రైమ్ కార్యక్రమంలో భాగంగా మధ్యప్రదేశ్‌లోని సేహోర్‌లో ఆరోగ్య కేంద్రాల్లో సేవలు పెట్టారు. వచ్చినవాళ్లకు వైద్యం అందింది, కానీ ఊళ్లలో డిప్రెషన్ ఉన్నవాళ్లలో చికిత్స కోసం వెళ్లినవాళ్ల వాటా చెప్పుకోదగ్గట్టు పెరగలేదు. విదర్భలో విశ్రామ్ కార్యక్రమం ఊళ్లలోంచే మొదలైంది, అక్కడ ఆ వాటా 4.3 నుంచి 27.2 శాతానికి పెరిగింది. అయితే విశ్రామ్‌లో పోల్చడానికి మరో వర్గం లేదు, ముందూ తర్వాతా సర్వేలే. ఆ తేడా నిజంగా ఊరి పనివల్లే వచ్చిందా అన్నది క్లస్టర్ ట్రయల్‌తో (మనుషుల్ని కాక ఊళ్లను, కేంద్రాలను గుంపుగా రెండు వైపులకు పంచే ట్రయల్) తేల్చాల్సిన ప్రశ్న. నన్నడిగితే మీ జాబితాలో మొదటి మూడింట్లో ఉండాలి.

క్లస్టర్ ట్రయల్ అనగానే సైజు తక్కువ వేసి బోల్తాపడుతుంటారు, అందుకే లెక్క చూపిస్తున్నాను. కోలుకునేవాళ్లు 40 నుంచి 50 శాతానికి పెరుగుతారని ఆశ. మనుషుల్ని విడివిడిగా పంచితే, 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం) ఒక్కో వైపు 384 మంది. కేంద్రాలవారీగా పంచితే, ఒక్కో కేంద్రంలో 30 మంది, ఒకే కేంద్రంవాళ్ల ఫలితాలు ఒకదాన్నొకటి పోలి ఉండే మోతాదు 0.05 అనుకుంటే, పెంపు 1 + 29 × 0.05 = 2.45. అంటే 941 మంది. 15 శాతం మంది మధ్యలో జారిపోతారనుకుంటే 1,107. ఒక్కో వైపు 37 కేంద్రాలు, రెండు వైపులా 74. పది పది కేంద్రాలతో మొదలుపెట్టి, "తేడా కనిపించలేదు" అని ముగించిన ట్రయల్ మనకేమీ చెప్పదు.

వడపోత:

2వ ప్రశ్నకు కాగితం మీదే సగం జవాబుంది. వెయ్యి మంది వచ్చారు, 50 మందికి నిజంగా డిప్రెషన్ ఉంది అనుకోండి. ప్రశ్నావళి ఉన్నవాళ్లలో 80 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 90 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుంది. పట్టుబడినవాళ్లు 40 + 95 = 135. అందులో నిజమైనవి 40, అంటే పదిలో మూడు. మిగతా 95 మందిని కూడా కౌన్సెలర్ కూర్చోబెట్టి చూడాలి. కాబట్టి ప్రశ్న మార్చండి: అందరినీ అడగడమా, లేక నిద్ర పట్టడం లేదని, ఒళ్లంతా నొప్పులని పదేపదే వచ్చేవాళ్లను, బాలింతలను మాత్రమే అడగడమా? ఒక్కో నిజమైన కేసు దొరకడానికి సిబ్బంది సమయం ఎన్ని నిమిషాలు పడుతోంది? కటాఫ్ కూడా అరువు తెచ్చుకోవద్దు. పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళిలో 10 అన్నది అన్ని భాషల్లోనూ 10 కాదు.

కొత్తజాబితా:

ఖాళీల సంగతి చూశాను, నిజమే, సున్నాలుగా పడ్డాయి. మళ్లీ లెక్కగడితే వ్యసనాల ప్రశ్నలు మూడు పైసగానికి వచ్చాయి. ఇంకో అనుమానం. ఇప్పుడు "ఎలా అందించాలి" అనే ప్రశ్నలే పైనంతా నిండిపోయాయి. 6వ ప్రశ్న లాంటివి అడుగున ఉన్నాయి. ఇది సరైనదేనా?

సగటులెక్క:

పద్ధతి స్వభావమే అంత. జన్యు ప్రశ్నకు "జనానికి అందించగలమా" అనే కొలమానంలో పదేళ్ల గడువుతో 1 ఎవరు వేస్తారు? వర్ణించేవి, అందించేవి, ఉన్నదాన్ని మెరుగుపరిచేవి, కొత్తది కనిపెట్టేవి అని ప్రశ్నల్ని నాలుగు రకాలుగా విడదీసి, ఏ రకానికి ఆ రకంలో వరుస ఇవ్వండి. మొత్తం వరుస పక్కన ఇంకో నిలువు గడిగా పెడితే చాలు. 2009లో ఇదే పద్ధతితో ప్రపంచ మానసిక ఆరోగ్యానికి చేసిన జాబితాలోనూ అందించే ప్రశ్నలే పైన నిలిచాయి. పిల్లలు, కౌమారులు, మద్యం, మాదకద్రవ్యాల మీద లెక్కలు సేకరించే ప్రశ్నలకూ మంచి మార్కులొచ్చాయి. 2011లో 60 దేశాల వాళ్లతో డెల్ఫీ పద్ధతిలో (నిపుణుల్ని విడతలవారీగా అడిగి ఒక మాటకు తేవడం) 25 సవాళ్ల జాబితా చేశారు, అక్కడా మొదటిది ప్రాథమిక వైద్యంలో కలపడమే. మీ జాబితా వాటిలాగే వచ్చిందని కంగారొద్దు. అవే మాటలు అంతే మొద్దుగా తిరిగి రాసుంటే మాత్రం కంగారుపడాలి.

ఎదురుప్రశ్న:

పైవాళ్ల మాటలు కాదనను గానీ, చర్చంతా డిప్రెషన్, కౌన్సెలింగ్ చుట్టూనే తిరుగుతోంది. ప్రాజెక్టులు కూడా అలాగే తిరుగుతాయి, ఎందుకంటే అక్కడ మూడు నెలల్లో స్కోరు తగ్గించి చూపించొచ్చు. స్కిజోఫ్రీనియా లాంటి తీవ్రమైన జబ్బులున్నవాళ్లు మిగతావాళ్ల కంటే 10 నుంచి 20 ఏళ్లు ముందు చనిపోతారు. ఎక్కువగా గుండెజబ్బు, షుగర్, అంటువ్యాధుల వల్ల. వాళ్లకు బీపీ, షుగర్ చూసేదెవరు అన్న ప్రశ్న మీ మచ్చులో లేదు. నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ స్టాక్ ఉందా అన్నదీ లేదు. మంత్రం వేసేవాళ్ల దగ్గర, ప్రార్థనా శిబిరాల్లో ఉన్న రోగుల సంగతీ లేదు. ఘానా, నైజీరియాల్లో అలాంటివాళ్లతో కలిసి ప్రాథమిక ఆరోగ్య సిబ్బంది పనిచేస్తే ఆరు నెలలకు సైకోసిస్ (లేనివి ఉన్నట్టు వినిపించడం, భ్రమలు) లక్షణాలు బాగా తగ్గాయని 2020లో వచ్చిన ట్రయల్ చూపించింది. గొలుసులు కట్టడం, కొట్టడం ఎంత తగ్గుతుంది, ఏ షరతుల మీద కలిసి పనిచేయాలి అన్నవి ఇక ముందు అడగాల్సినవి.

5వ ప్రశ్న గురించి. శ్రీలంకను చూస్తే చాలు. పురుగుమందుల్ని తాళం వేసే డబ్బాల్లో పెడితే ఆత్మహత్యాయత్నాలు తగ్గుతాయని ఎవరికైనా అనిపిస్తుంది. 180 ఊళ్లు తీసుకుని, వాటిలో సగం ఊళ్ల ఇళ్లకు డబ్బాలిచ్చి మూడేళ్లు చూశారు, 2017లో ఫలితం వచ్చింది: తగ్గలేదు. అదే దేశంలో 1990ల నుంచి అత్యంత విషపూరితమైన మందుల్ని దశలవారీగా నిషేధిస్తూ వచ్చారు, ఆత్మహత్యల రేటు బాగా పడిపోయింది. కాబట్టి ప్రశ్న ఇలా ఉండాలి: ఫలానా దేశంలో చావులకు ఎక్కువ కారణమవుతున్న రెండు మూడు మందులేవి, వాటిని తీసేస్తే రెండేళ్లలో చావులెన్ని తగ్గాయి, పంట దిగుబడి తగ్గిందా? చివరి భాగం లేకపోతే వ్యవసాయ శాఖ మీ కాగితం చదవదు. దీనికి ట్రయల్ కుదరదు. ఆసుపత్రి విషప్రయోగ రిజిస్టరులో "పురుగుమందు" అని కాకుండా మందు పేరు రాయించడమే పరిశోధనలో మొదటి మెట్టు.

పేషెంట్ల గురించి అడిగారు. 200 గడుల షీటు వాళ్ల చేతిలో పెట్టి మార్కులు వేయమంటే అది గౌరవం కాదు, తంతు. రెండు చోట్ల కూర్చోబెట్టండి. మొదట ప్రశ్నలు సేకరించేటప్పుడు. "మందు వేసుకుంటే పొద్దున పనికి లేవలేకపోతున్నాను" లాంటి మాటలు నిపుణుల నుంచి రావు, డోసు ఏ పూట ఇవ్వాలన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. తర్వాత ఐదు కొలమానాల్లో దేనికి ఎంత బరువు అన్నది తేల్చేటప్పుడు. ఆ బరువులు నిపుణులవి కాకుండా విడిగా ఇంకో బృందం చేత వేయించే వీలు ఈ పద్ధతిలోనే ఉంది. పేషెంట్లు, కుటుంబాలు, కింది స్థాయి నర్సులు. వ్యసనం ఉన్నవాళ్లను పిలిచేటప్పుడు మాత్రం జాగ్రత్త. మాదకద్రవ్యాల వాడకమే నేరమైన చోట పేరు, సంతకం, ఫోటో ఏదీ తీసుకోకండి, దారి ఖర్చులకు కూడా పేరు లేని రసీదు పెట్టుకోండి.

కొత్తజాబితా:

బరువులు అలాగే వేయిస్తాం. ఆఖరుగా ఒకటి: ఖాళీల్ని తీసేసినా రెండు ప్రశ్నలకు స్కోరు 1 దాటి వస్తోంది. అదెలా?

సగటులెక్క:

సర్వే సాఫ్ట్‌వేర్ "తెలియదు"ను 9 అనో 99 అనో ఎగుమతి చేసి ఉంటుంది. ఎక్సెల్ సగటు ఖాళీ గడినీ, అక్షరాలున్న గడినీ వదిలేస్తుంది గానీ 99ని అంకెగానే తీసుకుంటుంది. 45 మందిలో ఒక్కడు 99 అయినా సగటుకు 2 పైగా చేరిపోతుంది, మీవి 1ని కొద్దిగానే దాటి ఉంటే మీది 9 అయ్యుండాలి. 9 ఒకటి పడినా 45లో 0.2 పెరుగుతుంది, ఒకటి రెండు ఉంటే 1 దాటడం సహజం. ముందు మొత్తం షీటులో 0, 0.5, 1 కాని ప్రతి అంకెనూ వెతికి ఖాళీ చేయండి. ఆ తర్వాత నమూనా షీటులోని సున్నాలు కూడా ఒకసారి చూడండి, వాటిలో ఎన్ని నిజంగా "కాదు" అన్నవో అసలు జవాబు పత్రాలతో సరిపోల్చాలి.